నాలుగు వేళ్ళ మడత

మెట్ల కింద ఉన్న ఆ గదిని దుకాణం అనాలంటే కాస్త పెద్ద మనసు కావాలి. ఒక కాలి మిషను, కత్తిరింపుల బల్ల, స్టూలు పెట్టేసరికే గది నిండిపోయింది. వచ్చినవాళ్ళు సందులోనే నిలబడి, కిటికీలోంచి గుడ్డ అందించి, అక్కడే కొలతలిచ్చి పోతారు. లోపలికి ఎవరైనా అడుగు పెట్టాలంటే ముందు టైలరమ్మ లేచి బయటికి రావాలి. ఆమె లేవదు కనుక ఎవరూ రారు.

టైలరమ్మకు యాభయ్యారేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటుంది. చిన్నప్పుడు స్నేహితురాళ్ళు ఆమెకు సూది అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచే మనిషి ఇప్పుడా ఊళ్ళో ఒక్కతే మిగిలింది.

ఆమెమీద ఊళ్ళోవాళ్ళకు రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి, మాట్లాడదు. గౌను ఎప్పుడిస్తారని అడిగితే మూడు వేళ్ళు చూపిస్తుంది, మూడు రోజులని అర్థం. మూడో రోజు సాయంత్రానికి గౌను ఇస్త్రీ చేసి కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది, అది వేరే సంగతి. రెండో ఫిర్యాదు, గుడ్డ తినేస్తుంది. ఎవరి బట్టకైనా సరే, కుట్టు లోపల నాలుగు వేళ్ళ వెడల్పున మడత వదలనిదే ఆమె మిషను తొక్కదు.

"బయట ఎంత కనిపిస్తుందో లోపల అంత దాస్తుంది మా తల్లి. ఆమె చల్లగా ఉండాలి, నా కొట్టు నడవాలి" అంటాడు ఎదురుగా ఉన్న గుడ్డల కొట్టాయన.

స్కూలు యూనిఫారాల రోజుల్లో ఏ తల్లో ఒకామె కిటికీ దగ్గర నిలబడి అడగనే అడుగుతుంది. "ఒక్క వేలు వదిలితే చాలదా, టైలరమ్మా?"

"పిల్ల పెరుగుతుంది" అంటుంది ఆమె. ఆ రోజుకి అది పెద్ద ప్రసంగం.

బట్టల కోసం కాకుండా వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు పొద్దున్నే, ఎండ ఏటవాలుగా సందులో పడే వేళకు వస్తారు. కుక్క తరిమితే జడుసుకున్న పిల్లాణ్ణి తెస్తారు. వాడి నీడ మడమ దగ్గర ఊడి, వాడికంటే రెండడుగులు వెనక ఈడుస్తూ వస్తుంటుంది. ముసలివాళ్ళు వస్తారు. వయసుతో మనిషి కుంగుతాడు కాని నీడ కుంగదు. అది పొడవైపోయి కాళ్ళకు అడ్డం పడుతుంది. టైలరమ్మ స్టూలు మీంచి లేవకుండానే గుమ్మంలోకి వంగి, వేలి కొసలు తడి చేసుకుని, పాలమీద మీగడ తీసినట్టు నేలమీంచి నీడ అంచు లేపుతుంది. దీపం మసి పట్టించి మైనం రాసిన దారంతో ఊడినదాన్ని అతికిస్తుంది, ఎక్కువైనదాన్ని మడిచి కుడుతుంది. ఎండ నడినెత్తికి వచ్చేలోపు ముడి పడాలి. ఆ తర్వాత నీడ కాళ్ళ కిందికి పోతుంది, సూదికి అందదు.

ఇలాంటి పని చేసే ఆడవాళ్ళను ఏమంటారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ మాట మొహంమీద అనరు. ఆమె పెద్దమ్మ రోజుల్లో అనేవారు.

ఇంకొక సంగతి, కొంతమంది పిల్లలు మాత్రమే గమనించింది. పొద్దుటి ఎండలో ఆమె నీడ గోడమీద పడ్డప్పుడు గొంతు దగ్గర బొటనవేలంత గుండ్రటి వెలుగు కనిపిస్తుంది. అది గొలుసు తళుకని వాళ్ళనుకుంటారు. ఆమె గొలుసు వేసుకోదు.

ఆ రోజు పొద్దున్నే సందు మొగలో స్కూలు వ్యాను ఆగింది. అందులోంచి ఆ వ్యాను నడిపే పిచ్చుక దిగింది. దిగింది అనేకంటే దూకింది అనాలి. సీటు మీద రెండు దిళ్ళు వేసుకుంటే తప్ప ఆమెకు ముందున్న రోడ్డు కనిపించదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ దిళ్ళమీదే కూర్చుని ఊళ్ళో పిల్లలందరినీ బడికి చేరేసింది.

"ఒసేయ్ సూదీ, మిషను ఆపు. మన రంపం వస్తోంది. రేపు పొద్దున బండికి" అంది కిటికీ ఊచలు పట్టుకుని.

టైలరమ్మ కాలు ఆగిపోయింది.

"ఫోన్లో దాని గొంతు గుర్తుపట్టలేదే నేను. గాలి ఊదుతున్నట్టుంది. కోర్టుకి పోవడం మానేసి నెలైందట. డాక్టర్లు గొట్టాలు వేసి చూసి ఏమీ లేదన్నారట." పిచ్చుక ఊచల దగ్గరికి మొహం జరిపింది. "దాని నీడ చిరుగుతోందటే. మెడ చుట్టూ. నీ అతుకు దగ్గరే."

టైలరమ్మ చేతిలోని గుడ్డను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. నలభై ఏళ్ళుగా ఈ మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసింది. వచ్చాక మాత్రం ఏం చెయ్యాలో చేతులకు తోచలేదు.

పిచ్చుక వెళ్ళిపోయాక ఆమె బల్ల సొరుగు అడుగునుంచి రేకు డబ్బా తీసింది. అందులో పెద్దమ్మ వేలి తొడుగు, మైనం ముక్క, కుట్లు విప్పే చిన్న కత్తి ఉన్నాయి. కత్తి పిడి అరిగి బొటనవేలి ఆకారానికి వచ్చింది. మూత తీయగానే మసి వాసన, మైనం వాసన కలిసి వచ్చాయి. ఆ వాసనకి ఆమెకు పదహారేళ్ళయ్యాయి.

పెద్దమ్మ పని నేర్పే పద్ధతి మొండిది. ఏడాది పాటు నీడను ముట్టుకోనివ్వలేదు. "ముందు దిండు గలీబులు కుట్టవే. దిండు నిన్ను తిట్టదు. మనుషుల జోలికి తర్వాత పోదువుగాని" అనేది. గలీబు కుట్టి తెస్తే బయటివైపు చూసేది కాదు, తిరగేసి లోపల చూసేది. "పైన అందం ఎవడైనా కుడతాడు. లోపల ఎంత వదిలావో అదీ పనితనం. మడత లేని కుట్టు ఇవాళ్టికి సరిపోతుంది. రేపటికి చిరుగుతుంది."

సూది కుట్లు అందంగా ఉండేవి. గుడ్డ అంచుకు అంచు ఆనించి, కుట్టున్నట్టే తెలియకుండా కుట్టగలిగేది. అదే ఆమె గొప్ప, అదే ఆమె జబ్బు. "ఇంత గుడ్డ లోపల దాస్తే లావుగా కనబడుతుంది పెద్దమ్మా" అనేది. పెద్దమ్మ నెత్తిమీద వేలి తొడుగుతో టక్కున ఒకటి కొట్టేది.

స్కూల్లో ముగ్గురూ ఒక బెంచీ. పిచ్చుక అప్పుడూ జానెడే. కొరకవలసి వస్తే కొరికేది. రంపానికి ఆ పేరు ఊరికే రాలేదు. నోరు తెరిచిందంటే ఎదుటివాడి మాటను అడ్డంగా రెండు చెక్కలు చేసేది. ఒకసారి సందు మొగలో సైకిళ్ళమీద కూర్చున్న అబ్బాయిలు "మంత్రగత్తె పిల్లలొస్తున్నారు, దారివ్వండ్రా" అని పళ్ళికిలించారు. సూది తల వంచుకుంది. రంపం ఆగింది.

"అవున్రా, మంత్రగత్తెలమే. నీ నీడ ఎక్కడుందో ఓసారి చూసుకో."

వాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి వంగి చూసుకుంటూ సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. ఆ రోజు ముగ్గురూ ఇంటిదాకా నవ్వుతూనే నడిచారు. పొట్ట పట్టుకుని మధ్యలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది.

ఆ ఏడే స్కూలుకు కొత్తగా పెద్ద టీచరు వచ్చింది. సన్నటి గొంతు, మెత్తటి చెప్పులు. ఎవరినీ కొట్టేది కాదు. ఎదురు మాట్లాడిన పిల్లను గదిలోకి పిలిచేది. "ఇలా రామ్మా. కిటికీ వైపు తిరిగి నిలబడు, అంతే" అనేది. పావుగంట తర్వాత ఆ పిల్ల బయటికి వచ్చి, చేతులు కట్టుకుని, తన చోట కూర్చునేది. ఆ తర్వాత ఎవరడిగినా "అలాగేనండీ" అనేది. తల్లిదండ్రులు మురిసిపోయారు. పిల్ల గుణం మార్చినందుకు పళ్ళు, పూలు పట్టుకొచ్చి దండం పెట్టి పోయేవారు. ఒక్కొక్క పిల్ల నెమ్మదించినకొద్దీ టీచరు గొంతు పెరుగుతూ వచ్చింది. వచ్చిన కొత్తల్లో మొదటి వరసకే వినిపించని గొంతు, ఆరు నెలలకు మైదానం అవతలి గోడను తాకి తిరిగొచ్చేది.

ఒక రోజు రంపం, లైబ్రరీకి తాళమెందుకని అడిగింది. టీచరు గదిలోకి పిలిచింది.

రంపం బయటికి వచ్చాక పిచ్చుక దాని చెయ్యి గిల్లింది. మామూలుగా అయితే పిచ్చుక వీపు పగిలేది. రంపం ఎర్రబడిన చెయ్యి చూసుకుని, "క్షమించు" అంది. పిచ్చుకకు ఏడుపొచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం రంపం వాళ్ళమ్మ పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. మూడు రోజులు ఆవిడా సంతోషించిన మనిషే. "తింటోంది, చదువుకుంటోంది, చెప్పిన మాట వింటోంది అక్కా" అంది. కాసేపు కొంగు మెలిపెట్టింది. "నా పిల్లని నాకు తెచ్చిపెట్టు."

పెద్దమ్మ రంపాన్ని దీపం ముందు నిలబెట్టి గోడమీద నీడ చూసింది. గొంతు దగ్గర బొటనవేలంత కన్నం. చుట్టూ కత్తెర గాట్లు.

"పనిచేతకాని కత్తెర" అంది పెద్దమ్మ, ముందు అదే ఆవిడకు కోపం తెప్పించినట్టు. "గొంతు గుడ్డ కోసింది మీ టీచరే. పోగేసుకుని తన నీడకి కుట్టుకుంటోంది. రేపు పొద్దున ప్రార్థనకి నిలబడ్డప్పుడు దాని నీడ మెడ చూడండి." అని సూది వైపు తిరిగింది. ఆవిడ కళ్ళలో అప్పటికే తెల్లటి పొర కమ్మింది. "నాకు సూది బెజ్జం కనబడటంలేదే. నువ్వే చెయ్యాలి."

మర్నాడు ప్రార్థనలో సూది మొదటి వరసలో నిలబడింది. వేదికమీంచి టీచరు నీడ పొడుగ్గా ఆమె కాళ్ళదాకా పడింది. మనిషి మెడ కొంగ మెడలా సన్నం. నీడ మెడ మాత్రం మూటలా ఉబ్బి ఉంది. సూది బూటు లేసు కట్టుకుంటున్నట్టు కూర్చుంది. పెద్దమ్మ ఇచ్చిన కత్తి గుప్పిట్లోంచి తీసింది.

టీచరు కదిలితే పని చెడుతుంది. కదలకుండా నిలబెట్టే పని పిచ్చుకది.

"టీచర్, నాదొక సందేహం" అంది వరస చివరినుంచి.

"తర్వాత అడుగు."

"తర్వాత మర్చిపోతాను టీచర్. భూమి తిరుగుతోంది కదా, మరి మనం గెంతితే వెనక్కి పడాలి కదా?"

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వే పిల్లలు అప్పటికి మిగల్లేదు. పిచ్చుక మరీ చిన్నగా ఉండటంవల్ల టీచరు కంట పడక బతికిపోయింది. ఆ రోజు తొమ్మిది సందేహాలు అడిగింది. చేప నిద్రపోతుందా, సున్నాకు ముందేముంది, టీచర్లకు టీచరెవరు. టీచరు ఒక్కొక్కదానికీ పళ్ళు కొరుకుతూ నిలబడిపోయింది.

నీడ మెడలో కుట్లు వంకరటింకరగా, ముడిమీద ముడి వేసి ఉన్నాయి. ఇంత చెత్త పని సూది ఎప్పుడూ చూడలేదు. భయం కూడా మర్చిపోయింది. ఒక్కొక్క ముడి తెగినప్పుడల్లా ఒక నల్లటి ముక్క లేచి, చేపపిల్లలా నేలమీద జారుకుంటూ వరసల్లోకి పోయింది. ముందు ఎవరో దగ్గారు. తర్వాత ఎవరో పకపకా నవ్వారు. తర్వాత నలభై మంది పిల్లలు ఆరు నెలల మాటలన్నీ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. వేదికమీద టీచరు నోరు తెరిచింది, మూసింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ మధ్యాహ్నమే పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. వీడ్కోలు చెప్పిందో లేదో ఎవరికీ వినపడలేదు.

కాని రంపం నోరు తెరవలేదు. అన్నిటికంటే లోపల, అన్నిటికంటే పెద్ద ముక్క రంపానిది. టీచరు దాన్ని కుట్టలేదు, జిగురు పెట్టి అంటించింది. సూది లాగేసరికి పొడి పొడిగా రాలిపోయింది.

ముక్క పోయిన సంగతి నీడకు తెలిసినట్టుంది. కన్నం చుట్టూ పోగులు లేవడం మొదలైంది. బనీను దారం లాగితే ఊడినట్టు నీడ ఊడిపోతోంది. మధ్యాహ్నానికి ఏమీ మిగలదు. నీడ లేని మనిషిని కన్నవాళ్ళు కూడా మెల్లగా మర్చిపోతారని పెద్దమ్మ చెప్పింది.

సైకిలు స్టాండు వెనక, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన పిచ్చుక రంపాన్ని ఎండలో నిలబెట్టి పట్టుకుంది. సూది తల పైకెత్తి సూర్యుణ్ణి చూసింది. గంట కూడా లేదు. మోకాలికి మోకాలి గుడ్డే అతుకుతుంది, గొంతుకి గొంతు గుడ్డే. అడగకుండా కోయదగ్గ గొంతు అక్కడ ఒక్కటే ఉంది, ఎటూ పోకుండా, పని తెలిసిన చేతికి అందుబాటులో. ఆమె తన నీడ గోడమీద పడేలా తిరిగి, సుద్దతో గుండ్రంగా గీసి, కత్తిరించింది. పిచ్చుక "ఒసేయ్" అంది, అంతే.

అంచుకు అంచు ఆనించి కుట్టింది. ఒక్క కుట్టూ వంకర పోలేదు. నీడ కాళ్ళ కిందికి చేరుతుండగా ముడి పడింది. రంపం గట్టిగా ఊపిరి పీల్చి మొట్టమొదట అన్న మాట, "నన్ను గిల్లింది ఎవతే?"

సాయంత్రం పెద్దమ్మ ఆ కుట్టుమీద వేలు పెట్టి తడిమింది. చాలాసేపు తడిమింది.

"అందంగా ఉంది. లోపల మడత ఏదే?"

సూది జవాబు చెప్పబోయింది. నోరు తెరిచింది. మాటలు రాలేదు. అప్పటినుంచీ అంతే, రోజుకో గుప్పెడు వస్తాయి, అవి అయిపోతే మర్నాటిదాకా ఆగాలి. పెద్దమ్మ ఆమె నీడలో కన్నం చుట్టూ పోగులు లేవకుండా తడుముకుంటూ అంచు కుట్టింది. తిట్టలేదు.

"పదహారేళ్ళ పిల్లకి పదహారేళ్ళ కొలతే కుట్టావు. అది పెరుగుతుంది, కుట్టు పెరగదు. ఇప్పుడు విప్పితే మొత్తం పోతుంది. ఏడాది పోయాక, గుడ్డ కుదురుకున్నాక విప్పి సరిచెయ్యి."

ఏడాది పోయేసరికి రంపం ఊళ్ళో లేదు. వాళ్ళ నాన్నకు బదిలీ అయింది. రంపం పది పేజీల ఉత్తరాలు రాసేది, కాలేజీ గొడవలు, హాస్టలు గొడవలు, తర్వాత కోర్టు గొడవలు. సూది రెండు వాక్యాల జవాబు రాసేది. కుట్టులో మడత లేదన్న సంగతి రాద్దామని ప్రతిసారీ కలం పట్టుకునేది. పెద్దమ్మ పోయింది, దుకాణం ఆమె చేతికొచ్చింది, జుట్టు నెరిసింది. ఆ వాక్యం మాత్రం కాగితంమీద పడలేదు. దానికి బదులు ఊళ్ళోవాళ్ళ బట్టలన్నిటిలో నాలుగు వేళ్ళు వదులుతూ వచ్చింది.

మర్నాడు పొద్దున వ్యాను మళ్ళీ ఆగింది. పిచ్చుక చెయ్యి పట్టుకుని రంపం దిగింది. మనిషి ఏపుగా పెరిగింది, మెడకు శాలువా చుట్టుకుంది. టైలరమ్మ లేచి గుమ్మం బయటికి వచ్చింది. గుడ్డల కొట్టాయన మీటరు కర్ర పక్కన పెట్టి మరీ చూశాడు. ఆయన ఎరిగినంతలో ఆమె ఒకరి కోసం లేవడం అదే మొదలు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నిలబడ్డారు. ఒకరికి మాట లేదు, ఇంకొకరికి గొంతు లేదు.

"బాగుందమ్మా" అంది పిచ్చుక. "ఇద్దరు మూగవాళ్ళ మధ్య నన్ను పడేశారు. కౌగిలించుకోండే, దానికి నోరక్కర్లేదు కదా."

తర్వాత రంపం గోడ పక్కన నిలబడింది. నీడ మెడ చుట్టూ, బీటలు వారిన కుండలోంచి వెలుగు కారినట్టు, ఎండ సన్నటి గీతలుగా కనిపిస్తోంది. టైలరమ్మ వేలు తడి చేసుకుని ముట్టుకుంది. తన కుట్టే. ఒక్క దారమూ తెగలేదు. దారం పట్టుకున్న చోటల్లా గుడ్డే చిరిగింది. ఎంత బాగా కుట్టిందో అంత చెడ్డగా చిరిగింది.

ఆ రోజుకున్న మాటల్లోంచి ఆమె మూడు ఖర్చు పెట్టింది. "నేను తప్పు కుట్టాను."

"తెలుసు" అంది రంపం. ఆ గుసగుస వినడానికి పిచ్చుక చెవి దగ్గరికి పెట్టవలసి వచ్చింది. "పద్దెనిమిదేళ్ళకే పట్టేసింది. కేకలేసినప్పుడల్లా లాగేది."

"మరి రాలేదేం?" అంది పిచ్చుక.

"వస్తే విప్పుతుంది. విప్పితే ఇది నాది కాదని ఒప్పుకోవాలి." రంపం శాలువా తీసేసింది. "నేను బాగు చేయించుకోడానికి రాలేదే సూదీ. నీది నీకిచ్చేసి పోదామని వచ్చాను. నలభై ఏళ్ళు నీ గొంతుతో కోర్టుల్లో అరిచాను. గెలిచిన ప్రతిసారీ నువ్వు గుర్తొచ్చేదానివి, ఇక్కడ నోట్లో నాలుక లేనట్టు కూర్చుని... కోసి తీసుకో. ఇంకా ఎండ ఉంది."

"తీస్తే నువ్వు మిగలవు కదే పిచ్చిదానా!" అంది పిచ్చుక.

"నేను చాలా మాట్లాడాను. ఇక దాని వంతు."

వాదించి రంపాన్ని గెలిచినవాళ్ళు లేరని టైలరమ్మకు తెలుసు. కత్తి తీసుకుని ఒక పక్క నాలుగు కుట్లు విప్పింది. రంపం కళ్ళు మూసుకుంది. టైలరమ్మ అతుకు అంచు లేపి, తన నీడ పక్కకు చేర్చి, "చూడు" అంది.

రంపం కళ్ళు తెరిచింది. టైలరమ్మ నీడ పలచగా, బూడిదరంగులో ఉంది. పొద్దున్నించి పొద్దుగూకేదాకా గదిలో కూర్చునే మనిషి నీడ అది. అతుకు నల్లగా, మందంగా, ముతక నేతలో ఉంది. రంపం నీడ ఎలా ఉందో సరిగ్గా అలాగే. ఆ ముక్క ఎవరి గుడ్డలోంచి వచ్చిందో చెప్పడానికి ఇప్పుడు పెద్దమ్మ తరం కూడా కాదు.

"నాకు అతకదు" అంది టైలరమ్మ. "నువ్వే నేసుకున్నావు."

రంపం ఆ అంచుకేసి చాలాసేపు చూసింది. కేసు కాగితం చదివినట్టు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూసింది. తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరూ ఎప్పుడూ చూడని పని చేసింది. ఒప్పుకుంది. తల ఊపింది.

ఇక మిగిలింది గుడ్డ. చిరిగిన అంచులు కత్తిరించి చుట్టూ పట్టీ వెయ్యాలి, లోపల మడతతో సహా. పట్టీకి గొంతు గుడ్డే కానక్కర్లేదు, ఏ నీడ అంచయినా చాలు. టైలరమ్మ టేపు తీసి ముందు పిచ్చుకను కొలిచింది, తర్వాత దాని నీడను కొలిచింది. రెండు వేళ్ళు తేడా.

"ఏంటే, ఉన్నదే జానెడు, అందులోనూ కుంగిపోయానా?" అంది పిచ్చుక. "అదీ సంగతి. ఈ మధ్య బ్రేకు తొక్కినప్పుడల్లా కాలికేదో అడ్డం పడుతోంది. కోసెయ్. అదేదో పనికొస్తే మంచిదే."

టైలరమ్మ తన నీడ అంచునుంచి కూడా రెండు వేళ్ళు కోసింది. పలచటి బూడిదరంగు పట్టీ, పొట్టి గోధుమరంగు పట్టీ. రెండూ కలిపి కచ్చా కుట్టు వేసి, రంపాన్ని మెడ అటూ ఇటూ తిప్పమంది, దగ్గమంది, మింగమంది. ఎండ గోడ దిగుతోంది. పిచ్చుక వ్యానులో పిల్లలు హారను కొడుతున్నారు. "ఆగండ్రా, ఒక్కరోజు ఆలస్యమైతే బడి పారిపోదు" అని అరిచింది పిచ్చుక, దారానికి మైనం రాస్తూ.

పక్కా కుట్టు వేసింది టైలరమ్మ. ఈసారి కుట్టు అందంగా లేదు. చుట్టూ లావుగా, పట్టీ ఉన్నట్టు తెలిసేలా ఉంది. లోపల నాలుగు వేళ్ళ మడత ఉంది. నీడ కాళ్ళ కిందికి జరిగేలోపు, ఇంకా జానెడు ఎండ మిగిలి ఉండగానే ముడి వేసి కొరికింది.

"ఎన్నాళ్ళొస్తుంది?" అంది రంపం. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది కాని గొంతే.

"తొంభైదాకా."

"ఆ తర్వాత?"

"మళ్ళీ రా."

రంపం ఏదో అనబోయి టైలరమ్మ నీడ వైపు చూసింది. గొంతు దగ్గర ఆ గుండ్రటి వెలుగు అలాగే ఉంది. "మరి నీకు?"

టైలరమ్మ చేతులు చూపించింది. తర్వాత ఆ చేతులతోనే స్టూలు జరుపుకుని మిషను ముందు కూర్చుంది. అప్పటికే కిటికీ దగ్గర ఎవరో యూనిఫారం గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. కొత్తగా వచ్చినావిడ, పక్కన ఏడేళ్ళ పిల్ల.

"టైలరమ్మా, మీరు గుడ్డ ఎక్కువ లాగుతారని విన్నాను. కుట్టు లోపల ఒక్క వేలు వదిలితే చాలదా?"

టైలరమ్మ దగ్గర ఆ రోజుకి మాటలు అయిపోయాయి. టేపు తీసుకుని పిల్ల భుజాలు కొలవబోయింది.

"చాలదు" అంది గుమ్మంలోంచి రంపం.

ఆ మాట సందంతా పాకి, గుడ్డల కొట్టు దాటి, మొగలో వ్యాను అద్దాలను తాకి తిరిగొచ్చింది. రెండిళ్ళలో కిటికీలు తెరుచుకున్నాయి. వ్యానులో పిల్లలు హారను ఆపేశారు. గుడ్డల కొట్టాయన లేచి నిలబడ్డాడు. వచ్చినావిడ మారుమాట లేకుండా గుడ్డ కిటికీలోంచి అందించింది.

పిల్ల మాత్రం భయపడలేదు. రంపాన్నీ, గోడమీద పక్కపక్కనే పడ్డ మూడు నీడల్నీ మార్చి మార్చి చూసి, "ఎప్పుడిస్తారు?" అని అడిగింది.

టైలరమ్మ మూడు వేళ్ళు చూపించింది.